ఎర్ర సిరా తర్వాతి పేజీ: పదకొండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయిన ఒకావిడ కేస్ స్టడీ

"నేను ఆరంభశూరురాలిని మేడమ్. మొదలుపెట్టడంలో నన్ను మించినవాళ్లు ఉండరు."

కుర్చీలో కూర్చుంటూనే ఆవిడ అన్న మొదటి మాట ఇది. నవ్వుతూనే అన్నారు. కానీ చూపు నా మీద లేదు, ఒళ్లో పెట్టుకున్న రిపోర్టుల కవరు మీద ఉంది. ఆ కవరు అంచును బొటనవేలితో మడుస్తూ, విప్పుతూ కూర్చున్నారు.

నేను చదివింది కౌన్సెలింగ్ సైకాలజీ. తిండి, వ్యాయామం, నిద్ర లాంటి రోజువారీ అలవాట్లు మార్చుకోవాలనుకునేవాళ్లతో పనిచేస్తాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందిని ఫిజీషియన్లే పంపుతారు. ఈ కేసు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు, రాశాక చదివారు కూడా. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చేశాను. "ఏమైనా మార్చండి కానీ ఎర్ర పెన్ను సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాయండి" అన్నారు. అలాగే రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 46. అకౌంట్స్ ఉద్యోగం, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కూర్చునే ఉంటారు. ఇంట్లో భర్త, హైస్కూలు చదువుల్లో ఉన్న ఇద్దరు పిల్లలు, రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మంచం పట్టిన తల్లి. తల్లిని చూసుకునే బాధ్యత దాదాపుగా ఈవిడదే. పగలు ఒక సహాయకురాలు ఉంటుంది, సాయంత్రం ఈవిడ రాగానే వెళ్లిపోతుంది.

హెచ్‌బీఏ1సీ 6.2. రెండు మూడు నెలల సగటు షుగరు చూపే ఈ రక్తపరీక్ష అంకె 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం, కాబట్టి ఈవిడ షుగరు జబ్బు గడప దగ్గర ఉన్నట్టు. బీపీ 138/88, బరువు 79 కిలోలు. నిద్ర ఐదు గంటలు, అదీ అమ్మను పక్కకు తిప్పడానికి మధ్యలో రెండుసార్లు లేస్తూ. డిప్రెషన్ ఉందేమో చూడటానికి వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 8 వచ్చింది. 10గానీ అంతకు మించిగానీ వస్తే ముందు ఆ సంగతి చూస్తాం. 8 అంటే గమనిస్తూ ఉండాల్సిన స్థాయి, అందుకే నెలకోసారి మళ్లీ నింపుదామని రాసుకున్నాను.

దీన్ని ఎందుకంత ముందు పెడతానంటే, "ఏదీ చెయ్యబుద్ధి కావట్లేదు" అన్న మాట వెనక డిప్రెషన్ ఉండొచ్చు, థైరాయిడ్ లోపం ఉండొచ్చు, రక్తహీనత ఉండొచ్చు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉండొచ్చు. ఒంట్లో శక్తి లేని మనిషికి సంకల్పబలం గురించి ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. ఈవిడకు ఫిజీషియన్ ఆ పరీక్షలన్నీ చేయించారు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆపుకోలేనంతగా తినడం, తిన్నది కక్కేయడం, రోజులకు రోజులు కడుపు మాడ్చుకోవడం లాంటివి ఉన్నాయా అని నేనూ అడిగాను. లేవన్నారు.

గత ఎనిమిదేళ్లలో పదకొండుసార్లు మొదలుపెట్టారు. జిమ్, డైట్ చార్టు, ఫోనులో అడుగులు లెక్కపెట్టే యాప్, తెల్లవారుజామున యోగా, తీపి పూర్తిగా మానేయడం. ఏదీ ఐదు వారాలు దాటలేదు.

నేను చేసిన పొరపాటు

రెండో సెషన్‌లోనే ఆవిడ చేతిలో ఒక ప్రణాళిక పెట్టేశాను.

ఇది చేయకూడదని నాకు తెలుసు. 1983లో సైకాలజిస్టు విలియం మిల్లర్ మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారడానికి కారణాలు ఎదుటి మనిషి నోటివెంటే వచ్చేలా మాట్లాడే పద్ధతి) గురించి మొదట రాసినప్పటి నుంచీ, ఆ తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని పెంచినప్పుడూ, ఈ పద్ధతి పదేపదే హెచ్చరించేది ఒక్క విషయం గురించే. ఎదుటి మనిషి ఇబ్బంది కనిపించగానే సరిదిద్దేయాలన్న తొందర మనకు పుడుతుంది. ఆ తొందరలో మనం మార్పు వైపు నిలబడి వాదిస్తాం, పాపం ఆ మనిషికి మిగిలేది మారలేనన్న రెండో వైపే. నేను ఈ సంగతి జూనియర్లకు పాఠంగా చెబుతాను. అయినా ఆ రోజు నేనే ఆ పని చేశాను.

అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ గురించి ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. ఫలితాలు 2002లో వచ్చాయి, పాల్గొన్నది 3,234 మంది, అందరూ షుగరు వచ్చే ముప్పు ఉన్నవాళ్లే. ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లాంటివి లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో షుగరు జబ్బు వచ్చే రేటు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడిన గుంపులో తగ్గింది 31 శాతం. ఇవన్నీ నిజాలే. ఆవిడ అన్నిటికీ తలూపారు. ఐదు లక్ష్యాలు రాసిన కాగితం తీసుకుని, థాంక్స్ చెప్పి వెళ్లారు.

తర్వాతి రెండు అపాయింట్‌మెంట్లకూ రాలేదు. ఫోన్ చేశాను.

"మీరు చెప్పినవాటిలో ఒక్కటీ చేయలేదు మేడమ్. ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?"

ఈ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సాయం కోసం వచ్చిన మనిషికి నేను మరో పరీక్ష పెట్టాను, అందులో ఆవిడ ఫెయిలయ్యారు. ఎనిమిదేళ్లలో పదకొండుసార్లు జరిగింది ఇదే, పన్నెండోసారి నా చేతుల మీదుగా జరిగింది.

"ఏం చేశారు, ఏం చేయలేదు అని అడగనండీ. మొదటిసారి వచ్చినప్పుడు పాత డైరీలున్నాయన్నారు కదా, పారేయకపోతే అవి తీసుకురండి చాలు" అన్నాను.

డైరీల సంచి

గుడ్డసంచిలో ఏడు నోట్‌బుక్కులు వచ్చాయి. పదకొండు ప్రయత్నాల్లో నాలుగింటికి డైరీ రాయలేదట.

తెరిచి చూస్తే ముచ్చటేసింది. తేదీ కింద స్కేలుతో గీసిన గీత. నిలువు గళ్లు: ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎంతసేపు నడిచారు, ఎన్ని గ్లాసుల నీళ్లు. లెక్కల మనిషి రాసిన లెక్క ఎలా ఉంటుందో అలా ఉంది. అనుకున్న ప్రకారం జరిగినవి నీలం సిరాతో, తప్పినవి ఎర్ర సిరాతో.

"ప్రతిదాన్లోనూ మీరు చివరిగా రాసిన పేజీ తెరవండి" అన్నాను. ఏడింటినీ బల్ల మీద పక్కపక్కన పరిచాం.

ఏడు పేజీలూ ఎర్ర సిరాతోనే ముగిశాయి.

ఒకదాంట్లో ఆఫీసులో ఎవరిదో వీడ్కోలు సభ, రెండు ముక్కల కేక్. ఒకదాంట్లో చిన్నబ్బాయికి జ్వరం, నడక లేదు. ఒకదాంట్లో అమ్మకు పక్షవాతం వచ్చిన రోజు తేదీ వేసి, గళ్లన్నిటికీ అడ్డంగా ఒకే ఎర్ర గీత. ఆవిడ ఆ పేజీ మీద చెయ్యి వేసి కాసేపు మాట్లాడలేదు. అయిదో నోట్‌బుక్కు దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. అందులో ఎర్రగా ఉన్నది ఇంతే: "రాత్రి భోజనం 8.40కి." ఎనిమిదికల్లా తినాలన్నది అప్పటి నియమం. నలభై నిమిషాల ఆలస్యం, పంతొమ్మిది రోజుల డైరీ అక్కడితో సరి.

చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాక ఆవిడే అన్నారు: "తప్పు చేసినప్పుడు నేను ఆగిపోలేదన్నమాట. తప్పు రాసుకున్నాక ఆగిపోయాను."

ఈ కేసులో మలుపు ఏదైనా ఉందంటే ఆ వాక్యమే. అది నేను చెప్పి ఉంటే తలూపి వెళ్లిపోయేవారు.

వ్యసనాల నుంచి బయటపడేవాళ్లు మళ్లీ ఎందుకు జారిపోతారో అధ్యయనం చేసిన అలన్ మార్లాట్, జుడిత్ గోర్డాన్ 1985 నాటికే దీన్ని వివరించారు. ఒక్కసారి నియమం తప్పడం ప్రమాదం కాదు, తప్పినందుకు మనిషి తనకు తాను చెప్పుకునే కథ ప్రమాదం. "ఇవాళ కుదరలేదు" అనుకున్నవాళ్లు మర్నాడు కొనసాగిస్తారు. "నేను ఇంతే, నా వల్ల కాదు" అనుకున్నవాళ్లు అక్కడితో వదిలేస్తారు. డైటింగ్ చేసేవాళ్లలో జానెట్ పొలివీ, పీటర్ హెర్మన్ చూసిందీ ఇలాంటిదే: నియమం కాస్త తప్పిందనుకోగానే మిగతా కట్టుబాట్లన్నీ గాలికి పోతాయి. మునిగినవాడికి చలేమిటి అని మన పెద్దవాళ్లు ఎప్పుడో అన్నారు. మునగకముందే, కాలు తడవగానే మునిగిపోయాననుకోవడం ఇక్కడి చిక్కు.

ఆవిడకు ఇంకో అధ్యయనం గురించి కూడా చెప్పాను. ఈసారి అడిగాకే చెప్పాను. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించింది. ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో చేశారు. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కానీ మనిషికీ మనిషికీ తేడా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. ఈ చివరి సంగతిని ఎవరూ పట్టించుకోరు, 66 అన్న అంకె మాత్రం గోడల మీద అతికించుకుంటారు.

ఆవిడ వెంటనే లెక్క వేశారు. "నా డైరీల్లో అన్నిటికన్నా పొడుగైంది 31 రోజులు. అంటే సగం దారి కూడా వెళ్లకుండానే నాకు చేతకాదని తీర్పు ఇచ్చేసుకున్నాను."

కొత్త గడి

ఎనిమిదో నోట్‌బుక్కు మొదలుపెట్టాం. ఎర్ర పెన్ను మానేయండని నేను అనలేదు. రాసుకోవడం ఆవిడకు ఇష్టం, చేతికి వచ్చిన విద్య. దానికి ఒక గడి మాత్రం చేర్చాం. దాని పేరు ఆవిడే పెట్టుకున్నారు: "తిరుగు". ఎర్రగా ఏదైనా రాసిన తర్వాత, మళ్లీ దారిలోకి వచ్చిన ప్రతిసారీ ఆ గడిలో ఒక అంకె పడుతుంది. వరసగా ఎన్ని రోజులు చేశారో లెక్కపెట్టం. ఎన్నిసార్లు తిరిగొచ్చారో లెక్కపెడతాం.

వరస రోజుల లెక్క మంచిదే అని చాలామంది అనుకుంటారు, యాప్‌లన్నీ దాని మీదే నడుస్తాయి. నాకు మాత్రం ఈవిడలాంటి వాళ్ల విషయంలో అది హాని అనిపిస్తుంది. వరస పెరిగేకొద్దీ తెగితే పోయేది ఎక్కువవుతుంది, ఒక రోజు తప్పగానే ముప్ఫై రోజుల కష్టం సున్నా అయిపోయినట్టు కనిపిస్తుంది. తిరుగుల లెక్కలో అలా కాదు. తప్పిన రోజు వల్లే ఆ అంకె పెరిగే అవకాశం వస్తుంది.

తప్పినప్పుడు ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకున్నాం. పీటర్ గాల్‌విట్జర్ పరిశోధనల నుంచి వచ్చిన "ఫలానాది జరిగితే, ఫలానాది చేస్తాను" అనే పద్ధతి ఇది. ఆవిడ రాసుకున్నది: "సాయంత్రం నడక కుదరకపోతే, అమ్మకు రాత్రి మందులు వేశాక హాల్లో ఐదు నిమిషాలు నడుస్తాను." ఐదు నిమిషాలేనా అని సందేహపడ్డారు. అరగంటకు తక్కువైతే లెక్కలోకి రాదని ఎక్కడో విన్నారట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో, ఒక్కో విడతా కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతును తీసేసింది. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలన్నది ఉంది. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కూడబెట్టుకోవచ్చు.

ఇంకో సందేహం కూడా వచ్చింది, అది నాకు నచ్చింది. "ఇలా మెత్తమెత్తగా ఉంటే బద్ధకం పెరగదా మేడమ్? నన్ను నేను తిట్టుకోకపోతే అసలే కదలను కదా!"

క్రిస్టిన్ నెఫ్ మొదలుపెట్టిన స్వీయకరుణ పరిశోధనలో ఈ ప్రశ్నకు కొంత జవాబు ఉంది. 2007లో ఆడమ్స్, లియరీ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. తిండి విషయంలో కట్టుబాటుగా ఉండే యువతులకు ముందు ఒక డోనట్ పెట్టారు. కొందరితో "అందరూ అప్పుడప్పుడూ తింటారు, మిమ్మల్ని మీరు నిందించుకోకండి" అన్నారు, మిగతావాళ్లతో ఏమీ అనలేదు. తర్వాత రుచి చూడమని చాక్లెట్లు, మిఠాయిలు పెడితే, ఆ మంచి మాట విన్నవాళ్లే తక్కువ తిన్నారు. ఆవిడ ఈ సంగతి రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. "మరి ఎనిమిదేళ్లు తిట్టుకున్నాను కదా, ఫలితం బల్ల మీదే ఉంది" అని నోట్‌బుక్కులు సర్దుకున్నారు.

ఎవరి కారణం, ఎప్పటి కారణం

నాలుగో సెషన్‌లో రెండు ప్రశ్నలు అడిగాను. ఈ మార్పు మీకెంత ముఖ్యం, సున్నా నుంచి పది వరకు? 9 అన్నారు. చేయగలనన్న నమ్మకం ఎంత? 3. "ఒకటి కాకుండా మూడెందుకు?" అని అడిగాను. ఎందుకంత తక్కువ అని అడిగితే మనిషి తన బలహీనతలు చెబుతారు, ఎందుకంత ఎక్కువ అని అడిగితే తన బలాలు వెతుక్కుంటారు. కాసేపు ఆలోచించి, "పదకొండుసార్లు మొదలుపెట్టాను కదా. పన్నెండోసారి కూడా మొదలుపెట్టగలను" అన్నారు. ఆరంభశూరత్వం అని నిందించుకున్నదే ఆవిడ చేతిలో ఉన్న మొదటి పెట్టుబడి.

కారణం ఏమిటని అడిగితే మాత్రం డాక్టరు మాటే చెప్పారు: షుగరు వస్తుంది, అమ్మలా పక్షవాతం వస్తుంది. భయం మనిషిని లేపుతుంది, నిజమే. కానీ ఆ భయం పదేళ్ల అవతలి సంగతిది, సాయంత్రం అలసట ఇప్పటిది. రోజూ వాటి మధ్య పోటీ జరిగితే ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్‌ల సెల్ఫ్ డిటర్మినేషన్ థియరీ ప్రకారం, భయంతోనో అపరాధభావంతోనో చేసే పని ఎక్కువకాలం నిలవదు. తన విలువలతో కలిసిపోయిన కారణంతోనో, చేయడమే హాయిగా ఉండటం వల్లో చేసే పని నిలుస్తుంది. మాటకు బాగానే ఉంది, ఆ కారణాన్ని ఎక్కడ వెతకాలి?

లక్ష్యం ఏదీ పెట్టకుండా రెండు వారాలు గమనించమన్నాను. కుదిరిన రోజు ఆఫీసు నుంచి రాగానే, ఇంట్లోకి వెళ్లకముందే పది నిమిషాలు నడవాలి. నడకకు ముందు ఒళ్లు ఎంత బరువుగా ఉందో, మనసు ఎంత చిరాగ్గా ఉందో పదికి ఒక అంకె వేయాలి, నడిచాక మళ్లీ వేయాలి. రాత్రి పడుకునే ముందు ఆ సాయంత్రం గురించి ఒక్క వాక్యం.

తొమ్మిదో రోజు వాక్యం ఇది: "అమ్మ మీద విసుక్కోలేదు."

ఆ సెషన్‌లో ఆవిడ చెప్పింది యథాతథంగా రాసుకున్నాను. రోజూ సాయంత్రం ఏడింటికి అమ్మకు తినిపించాలి, బట్టలు మార్చాలి, పక్కకు తిప్పాలి. ఆఫీసు నుంచి వచ్చీరాగానే ఆ గదిలోకి వెళ్తారు. అమ్మ నెమ్మదిగా నములుతుంటే లోపల ఏదో కుతకుతలాడేది. ఒక్కోసారి మాట తూలేది, తిప్పేటప్పుడు చెయ్యి విసురుగా పడేది. తర్వాత బాత్రూములోకి వెళ్లి ఏడ్చేవారు. ఈ సంగతి భర్తతో కూడా చెప్పలేదు. ఆ తొమ్మిదో రోజు పక్కకు తిప్పుతుంటే, మాట సరిగ్గా తిరగని ఆ తల్లి కూడబలుక్కుని అన్నదట: "ఇవాళ నీ చెయ్యి... మెత్తగా ఉందే తల్లీ."

చెబుతూ ఆవిడ ఏడ్చారు. నేనూ కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత నడక గురించి నేను ఎప్పుడూ గుర్తుచేయాల్సిన పని పడలేదు. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు తెలుస్తుంది. చెయ్యి మెత్తబడటం ఆ సాయంత్రమే తెలిసింది.

అయితే ఇక్కడ నాకు ఒక బెంగ పట్టుకుంది. ఇంకొకరికి పనికొస్తేనే నన్ను నేను చూసుకోవచ్చు అన్న షరతు ఇందులో దాగి ఉంది. సంరక్షణ చేసేవాళ్లలో ఇది చాలా మామూలు. తల్లి ఏదో ఒక రోజు ఉండదు, అప్పుడు ఈ కారణమూ పోతుంది. ఐదో నెలలో ఈ మాట సున్నితంగా ఎత్తాను. మొదట నొచ్చుకున్నారు, "అమ్మ కోసం చేస్తే తప్పా?" అన్నారు. తప్పు కాదన్నాను, ఇంకేమైనా ఉందా అని మాత్రమే అడిగాను. రెండు వారాల తర్వాత ఆవిడే చెప్పారు. నడక అయ్యాక ఇంటి మెట్ల మీద రెండు నిమిషాలు ఊరికే కూర్చుంటున్నారట. ఎవరూ పిలవని రెండు నిమిషాలు. "అది మాత్రం ఎవరి కోసమూ కాదు మేడమ్" అన్నారు. మా ఇద్దరి నోట్సులోనూ ఆ మెట్లు ఉన్నాయి.

ఇంట్లోవాళ్లు

భర్తను ఒక సెషన్‌కు రమ్మన్నాం. మంచి మనిషి. రోజూ రాత్రి "ఇవాళ నడిచావా?" అని అడిగేవారు, ప్రోత్సహిస్తున్నానని ఆయన నమ్మకం. అది ఈవిడ చెవికి తనిఖీలా వినిపించేది, నడవని రోజు అబద్ధం కూడా చెప్పారట. ఆ అడగడం మానేసి, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడింటి దాకా అత్తగారి దగ్గర ఆయన కూర్చోవడానికి ఒప్పుకున్నారు. వారంలో రెండు రాత్రులు అత్తగారిని పక్కకు తిప్పే పని ఆయన, పెద్దబ్బాయి పంచుకున్నారు.

మనసు గురించి ఎంత మాట్లాడినా, ఇంటి పని పంపకం మారకపోతే నా గదిలో జరిగిందంతా గుమ్మం దాటగానే ఆవిరైపోతుంది. సమయమే లేని మనిషిని మోటివేషన్ లేదని నిందించడం నేను ఎక్కడ విన్నా ఊరుకోను.

తిండి, నిద్ర

తిండి విషయంలో చేసింది తక్కువే. నాలుగింటికి ఆఫీసులో తీపి కోసం ప్రాణం లాగేస్తుందని చెబితే, వెనక్కి లెక్కేసుకుంటూ వెళ్లాం. మధ్యాహ్నం ఐదు నిమిషాల్లో ఏదో మింగి లేచేవారు, కొన్ని రోజులు అదీ లేదు. నాలుగింటికి వచ్చేది బలహీనత కాదు, ఆకలి. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కూర్చుని, సగం పళ్లెం కూరగాయలు, తగినంత ప్రొటీన్ ఉండేలా తినడం మొదలుపెట్టాక ఆ లాగుడు చాలావరకు తగ్గింది. తీపిని నిషేధించలేదు. తినాలనిపిస్తే కంప్యూటర్ ముందు కాకుండా, లేచి వెళ్లి కూర్చుని తినాలన్నది ఒక్కటే ఒప్పందం.

నిద్ర సంగతి నేను ఇంకా ముందే పట్టించుకోవాల్సింది. కేవలం రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకుంటే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గినట్టు 2004లో ఆరోగ్యవంతులైన యువకుల మీద జరిగిన ప్రయోగంలో తేలింది. ఈవిడ రెండేళ్లుగా ఐదు గంటలే, అదీ మధ్యలో లేస్తూ పడుకుంటున్నారు. భర్త, కొడుకు తీసుకున్న ఆ రెండు రాత్రుల మర్నాడు తిండి గడుల్లో ఎర్ర సిరా తక్కువగా ఉండటం ఆవిడే పట్టుకున్నారు.

ఖాళీ పేజీలు

ఆరో నెలలో తల్లికి న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పదహారు రోజులు ఉండాల్సి వచ్చింది. ఈవిడ అక్కడే పడుకున్నారు, దొరికింది తిన్నారు, నోట్‌బుక్కు ముట్టుకోలేదు. నేను రెండుసార్లు మెసేజ్ పెట్టాను, తల్లి ఎలా ఉన్నారని మాత్రమే. పాత లెక్క ప్రకారం ఎనిమిదో నోట్‌బుక్కు కూడా ఇక్కడే ఆగాలి.

ఇంటికొచ్చిన మూడో రోజు ఒక ఫోటో పంపారు. పదహారు పేజీలు ఖాళీగా వదిలి, తేదీలు మాత్రం వేసి, పదిహేడో పేజీలో హాల్లో ఐదు నిమిషాల నడక నీలం సిరాతో. పక్కన గడిలో "తిరుగు: 22". నేను ఆ రోజు ఇంకో క్లయింటుతో ఉన్నాను, బయటికొచ్చి చూసుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఆల్బర్ట్ బండూరా 1977 నుంచి చెబుతూ వచ్చింది ఇదే కదా: చేయగలనన్న నమ్మకం పుట్టడానికి అన్నిటికన్నా గట్టి ఆధారం, ఒకసారి చేసి చూసిన అనుభవం. ఆవిడకు నడవగలనన్న అనుభవం ముందే ఉంది. లేనిది, ఆగిపోయి మళ్లీ రాగలనన్న అనుభవం.

తొమ్మిది నెలలకు

మొత్తం పదహారు సెషన్లు. హెచ్‌బీఏ1సీ 5.9, బీపీ 130/82, బరువు 75.6 కిలోలు. తగ్గింది నాలుగు శాతం పైచిలుకు, ఏడు శాతం కాదు. పీహెచ్‌క్యూ-9లో 4. నడక వారానికి 110 నుంచి 130 నిమిషాల మధ్య తిరుగుతోంది. కండరాల బలానికి వారంలో రెండు రోజులు చేయాల్సిన వ్యాయామం ఇంకా కుదురుకోలేదు. నిద్ర ఆరు గంటలకు అటూ ఇటూగా ఉంది, ఇంకా చాలదు. నమ్మకం ఎంత అన్న ప్రశ్నకు జవాబు 3 నుంచి 7కు వచ్చింది. తిరుగులు 31.

ఇది ఒక్క మనిషి కథ. ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. భర్త ఆ అరగంట తీసుకోకపోయి ఉంటే మిగతాదంతా ఏమయ్యేదో నాకు అనుమానమే. డైరీ పద్ధతి అందరికీ నప్పదు కూడా. తిండి గురించి ఇప్పటికే అతిగా ఆలోచించేవాళ్లకు, ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లకు రాసుకోవడమే హాని చేయగలదు. అలాంటివాళ్ల చేత నేను రాయడం మాన్పిస్తాను.

నా పనిలో మాత్రం ఒకటి మారింది. ఇప్పుడు మొదటి సెషన్‌లోనే అడుగుతున్నాను: ఇంతకుముందు ప్రయత్నించినప్పుడు, ఆఖరి రోజు ఏం జరిగింది? ఎందుకు మానేశారు అని అడిగితే అందరూ "బద్ధకం" అంటారు. ఆ రోజు ఏం జరిగిందని అడిగితే పిల్లాడి జ్వరం బయటికొస్తుంది, ఎవరో అన్న మాట బయటికొస్తుంది, నలభై నిమిషాల ఆలస్యం బయటికొస్తుంది.

ఆవిడ ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తున్నారు. పోయినసారి వచ్చినప్పుడు ఎనిమిదో నోట్‌బుక్కు బల్ల మీద పెట్టారు. ఆఖరి పేజీ, ఆఖరి వరస దాకా నిండింది, ఆ పేజీలోనూ రెండు ఎర్ర గీతలున్నాయి. కొత్తది కొనుక్కున్నారా అని అడిగాను. లేదన్నారు, ఒక నెల రాయకుండా ఉండి చూస్తానన్నారు. ఆగిపోతే ఏం చేస్తారని నేను అడగబోయి ఊరుకున్నాను. ఈలోపు ఆవిడే బలం పెంచే వ్యాయామాల సంగతి ఎత్తారు, కుర్చీ పట్టుకుని చేసేవి రెండు నేర్చుకుని వెళ్లారు.